పొడి కలిపిన ఐసు చివరికి తెల్లగా ఎందుకు మిగులుతుంది

ఆరెంజ్ పొడిని నీళ్లలో కలిపి, చిన్న గిలాసుల్లో పోసి, పుల్ల గుచ్చి ఫ్రీజర్‌లో పెడితే ఐసు తయారవుతుంది, ఇందులో నేర్చుకునేదేముంది అనిపిస్తుంది. తయారవుతుంది, నిజమే. కానీ పిల్లలు కాసేపు చప్పరించేసరికి రంగు, తీపి, పులుపు అన్నీ నోట్లోకి వచ్చేసి, పుల్లకి ఒక తెల్లటి గడ్డ మిగులుతుంది. దాన్ని ఎవరూ తినరు, వాకిట్లో పారేస్తారు. లేదంటే ఐసు కొరకలేనంత గట్టిపడి పళ్లు జివ్వుమంటాయి. అదీ కాకపోతే రాత్రంతా పెట్టినా పైన పొర కట్టి లోపల షర్బత్‌లాగే ఉండిపోతుంది. ఈ మూడింటికీ కారణాలు వేరు, చేయాల్సిన పనులూ వేరు, అయినా చాలా ఇళ్లలో మూడింటికీ ఒకటే మందు వేస్తారు: ఇంకో రెండు చెంచాల పొడి.

ప్యాకెట్ మీద రాసిన కొలత తాగడానికి పెట్టింది. చల్లటి నీళ్లలో కలిపి తాగినప్పుడు నాలుకకి సరిపోయే తీపి, సరిపోయే పులుపు చూసి ఆ కొలత నిర్ణయించారు. గడ్డకట్టించేటప్పుడు లెక్క మారిపోతుంది, ఎందుకంటే నాలుక చల్లబడితే తీపి తక్కువగా తెలుస్తుంది, వాసనలు కూడా పైకి లేవవు. తాగినప్పుడు బాగున్న షర్బత్ ఐసు అయ్యాక చప్పగా అనిపించడానికి కారణం ఇదే. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతావన్నీ ఒకదాని వెంట ఒకటి తేలిపోతాయి.

ముందు ఆ తెల్లటి గడ్డ సంగతి చూద్దాం. నీళ్లు గడ్డకట్టేటప్పుడు చక్కెరనీ, రంగునీ, పులుపునీ తమతో తీసుకెళ్లవు. మంచు పలుకు అంటే దాదాపు శుద్ధమైన నీరే, అందులో కలిసి ఉన్నవాటన్నిటినీ అది పక్కకి నెట్టేస్తుంది. గిలాసు అంచులకి చల్లదనం ముందు తగులుతుంది కాబట్టి అక్కడే మొదట గడ్డ కడుతుంది, చక్కెర నీరు లోపలికి, అడుక్కి జరుగుతూ చిక్కబడుతుంది, చివరికి ఆ చిక్కటి పాకం పలుకుల మధ్య సన్నటి సందుల్లో ఇరుక్కుంటుంది. నోట్లో పెట్టి పీల్చగానే ఆ సందుల్లో ఉన్న పాకమే ముందు వచ్చేస్తుంది, మిగిలేది ఉత్త మంచు. గడ్డకట్టడం ఎంత నెమ్మదిగా జరిగితే పలుకులు అంత పెద్దవవుతాయి, సందులు అంత వెడల్పవుతాయి, పాకం అంత సులువుగా జారిపోతుంది. కాబట్టి చేయాల్సినవి రెండు: తొందరగా గడ్డకట్టించడం, పాకం కదలకుండా చిక్కగా ఉంచడం.

తొందరగా గడ్డకట్టించడం అనేది మహారాష్ట్రలో చాందా (చంద్రపూర్), బల్లార్షా, రాజురా నుంచి కింద అహేరి, సిరొంచ దాకా ఉన్న తెలుగు ఇళ్లలో అంత తేలిక కాదు. మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే. ఫ్రిజ్ చేసే పని లోపలి వేడిని తీసి గదిలోకి వదలడం, గదే కాలిపోతుంటే ఆ వేడి పోవడానికి దారి ఉండదు. ఫ్రిజ్‌లకి వాతావరణ తరగతులు ఉంటాయి, వేడి దేశాల కోసం చేసే టి తరగతి ఫ్రిజ్ కూడా బయట 43 డిగ్రీల వరకు ఉన్నప్పుడు సరిగ్గా పనిచేసేలా లెక్కగట్టింది. చాందాలో మే నెల మధ్యాహ్నం, రేకుల కప్పు కింద ఉన్న వంటింట్లో అది ఆ హద్దు దాటే పనిచేయాలి. కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, ఫ్రీజర్ మాత్రం మైనస్ 18 దగ్గరికి పోదు. ఫ్రిజ్ పాడైందేమో అని టెన్షన్ పడి మెకానిక్‌ని పిలిచే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

దీనికి తోడు నీటి స్వభావం ఒకటి ఉంది. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ చల్లబరచాలంటే ఒక కెలరీ వేడి తీసేయాలి, అంటే 35 డిగ్రీల నీరు సున్నాకి రావడానికి 35 కెలరీలు. కానీ సున్నా దగ్గరికి వచ్చిన అదే గ్రాము నీరు గడ్డ కావాలంటే ఇంకో 80 కెలరీలు తీయాలి. షర్బత్‌ని ముందు కుండనీళ్లంత చల్లగా చేసి పెడితే కొంత సమయం కలిసొస్తుంది, అయితే అసలు భారం గడ్డకట్టే దశలోనే ఉంది, ఆ భారాన్ని తగ్గించే మార్గం మూస చిన్నదిగా ఉండడమే. పెద్ద స్టీలు గ్లాసు నిండా పోసి ఒకటే ఐసు చేయడం కన్నా టీ గ్లాసుకి సగం, అంటే 50, 60 మిల్లీలీటర్లు పట్టే చిన్న స్టీలు గిలాసుల్లో నాలుగు చేయడం మేలు. స్టీలు చల్లదనాన్ని తొందరగా లోపలికి పంపిస్తుంది, ప్లాస్టిక్ అడ్డుకుంటుంది. గాజు గ్లాసు వద్దు, నీరు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుంది, గాజు పగులుతుంది. స్టీలులో కూడా పైన వేలెడు ఖాళీ వదలాలి.

ఒంటి తలుపు ఫ్రిజ్‌లో ఫ్రీజర్ గోడలకి మంచు పేరుకుపోతుంది. ఆ మంచు పొర చల్లదనాన్ని లోపలికి రానివ్వదు కాబట్టి ఐసు చేసే ముందు రోజు ఫ్రీజర్‌ని కరగబెట్టి తుడిచేయాలి. తర్వాత ఫ్రీజర్ అడుగున కొంచెం నీళ్లు చల్లి, ఆ తడి మీద గిలాసులు పెడితే అవి అడుక్కి అతుక్కుపోయి చల్లదనం నేరుగా అందుతుంది. పొద్దున పెట్టి మధ్యాహ్నానికి కావాలనుకోవడం కన్నా రాత్రి పడుకునే ముందు పెట్టడం మంచిది. గది కొంచెం చల్లబడుతుంది, ఎవరూ తలుపు తీయరు. పుల్ల మొదట్లోనే గుచ్చితే వాలిపోతుంది కాబట్టి గంటో గంటన్నరో ఆగి, పైన చిక్కబడ్డాక నిలబెట్టాలి.

ఇక తీపి లెక్క. చక్కెర కలిసిన నీరు సున్నా దగ్గర గడ్డకట్టదు, ఇంకా కిందికి పోవాలి. 850 మిల్లీలీటర్ల నీళ్లలో 150 గ్రాముల చక్కెర కలిపితే, అంటే 15 శాతం తీపి ఉంటే, మైనస్ 1 డిగ్రీ దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. అక్కడితో అయిపోదు, కొంత నీరు గడ్డ కాగానే మిగిలిన పాకం ఇంకా చిక్కబడుతుంది, దాన్ని గడ్డకట్టించాలంటే ఇంకా చల్లదనం కావాలి, అలా సాగుతూనే ఉంటుంది. మైనస్ 8 డిగ్రీల ఫ్రీజర్‌లో కూడా ఈ ఐసులో ఉన్న నీటిలో సుమారు ఆరో వంతు గడ్డకట్టకుండా పాకంగానే ఉంటుంది. అది మంచిదే, ఐసుని కొరకడానికి వీలయ్యేలా చేసేది ఆ కొద్ది పాకమే. చక్కెర బాగా తక్కువైతే పాకం మిగలదు, ఐసు పళ్లకి లొంగదు. చక్కెర పాతిక శాతం దాటితే ఇక్కడి ఎండాకాలపు ఫ్రీజర్‌లో అది గట్టిపడకుండా ముద్దగా ఉండిపోతుంది. రాత్రంతా పెట్టినా గడ్డకట్టలేదు అనే ఫిర్యాదు చాలాసార్లు ఇక్కడి నుంచే వస్తుంది, గడ్డకట్టలేదు కదా అని ఇంకా పొడి వేస్తే ఇంకా ముద్దవుతుంది. 15 నుంచి 18 శాతం మధ్య ఉంచుకుంటే రుచికీ గట్టిదనానికీ రెండింటికీ సరిపోతుంది. నాలుక మీద వేసుకున్నప్పుడు తాగే షర్బత్ కన్నా ఎక్కువ తీపిగా, ఇది తాగలేం అనిపించేంత తీపిగా ఉండాలి.

అన్ని తీపి పొడులూ ఒకటి కాదు. గ్లూకోజ్ పొడి అణువు చక్కెర అణువులో సగం బరువు ఉంటుంది, కాబట్టి ఒకే తూకం వేసినా నీళ్లలో కలిసే అణువుల సంఖ్య దాదాపు రెట్టింపు, గడ్డకట్టే చోటు కూడా దాదాపు రెండింతలు కిందికి దిగుతుంది. గ్లూకాన్ డి లాంటి పొడితో చేసిన ఐసు ఎప్పుడూ మెత్తగా వచ్చి చేతిలో తొందరగా కరిగిపోయేది ఇందుకే. పైగా గ్లూకోజ్ తీపి చక్కెర తీపి కన్నా తక్కువ. ఆ పొడితో చేయాలంటే సగం చక్కెర, సగం గ్లూకోజ్ పొడి వేసుకోవడం నయం. చక్కెర లేని డైట్ పొడులు దీనికి పూర్తిగా రెండో వైపు: తీపి ఉంటుంది, కరిగిన పదార్థం దాదాపు ఏమీ ఉండదు, ఉత్త నీళ్లు గడ్డకట్టినట్టే ఉంటుంది. చక్కెర జబ్బు ఉన్నవాళ్ల కోసం వాటితో చేస్తే పుల్ల ఐసుగా కాకుండా దంచి పొడి చేసి గోలాలా పెట్టడమే కుదురుతుంది.

ఇప్పుడు ఎక్కువ మంది చేసే పని గురించి. తీపి పెంచాలి కదా అని నీళ్లు తగ్గిస్తారు, లేదా పొడి రెట్టింపు వేస్తారు. కానీ పొడిలో తీపి ఒక్కటే లేదు. సిట్రిక్ ఆమ్లం ఉంది, వాసన ఉంది, రంగు ఉంది. పొడి రెట్టింపైతే అవి కూడా రెట్టింపవుతాయి. మన దేశంలో ఆహారంలో వాడటానికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిది, ఆరెంజ్ పొడుల్లో సాధారణంగా కనిపించే సన్‌సెట్ యెల్లో, టార్ట్రజిన్ వాటిలోవే. తినడానికి, తాగడానికి సిద్ధమైన పదార్థంలో వీటి పరిమితి సాధారణంగా కిలోకి 100 మిల్లీగ్రాములు. కంపెనీ ఆ లెక్క చూసుకునేది ప్యాకెట్ మీద రాసిన నీళ్ల కొలతకే, ఇంట్లో మనం మార్చే కొలతకి కాదు. అందుకని పొడిని ప్యాకెట్ కొలతకే ఉంచి, తక్కువైన తీపిని మామూలు చక్కెరతో పూరించడం సరైన దారి. ఒక చిటికెడు ఉప్పు, సగం నిమ్మకాయ పిండితే చల్లదనంలో మందగించిన రుచి మళ్లీ తెలుస్తుంది. మామిడి రుచి పొడి అయితే మాగిన మామిడిపండు గుజ్జు రెండు గంటెలు వేస్తే ఇంకా మంచిది, గుజ్జులో ఉండే పీచు పాకాన్ని పట్టి ఉంచుతుంది.

రస్నా లాంటి పాతకాలపు పొడుల్లో చక్కెర ముందే కలిపి ఉండేది కాదు, ఇంట్లో పాకం పట్టుకుని కలుపుకునేవాళ్లు. 1980ల్లో 5 రూపాయల ప్యాకెట్టుకి 32 గ్లాసులు అని ప్రకటన వచ్చేది గుర్తుందిగా, ఆ చక్కెర, నీళ్లు మనవే. ఐసు చేసేవాళ్లకి ఆ పద్ధతే అనుకూలం, తీపి ఎంతో మన చేతిలో ఉంటుంది కాబట్టి. అన్నీ కలిపి వచ్చే పొడితో చేసేటప్పుడు ఒక పని చేయొచ్చు. ప్యాకెట్ వెనక పోషకాల పట్టికలో 100 గ్రాముల పొడికి చక్కెర ఎంతో రాసి ఉంటుంది. దాన్ని బట్టి లీటరుకి వేసే పొడిలో ఎంత చక్కెర వస్తుందో లెక్కేసి, 150 గ్రాములకి ఎంత తక్కువైతే అంత కలపడమే.

అసలు ఈ ఐసు పుట్టుకే పొడి షర్బత్‌తో ముడిపడి ఉంది. 1905లో అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఫ్రాంక్ ఎపర్సన్ అనే పదకొండేళ్ల పిల్లవాడు సోడా పొడి నీళ్లలో కలిపి, కలిపిన పుల్ల అందులోనే వదిలేసి, రాత్రంతా చలిలో వరండాలో మర్చిపోయాడని, తెల్లారి చూస్తే పుల్లతో సహా గడ్డకట్టిందని చెబుతారు. పెద్దయ్యాక 1924లో దానికి పేటెంట్ పొందాడు, అదే తర్వాత పాప్సికల్‌గా అమ్ముడైంది.

చిక్కదనం విషయానికి వస్తే బజారులో దొరికే ఐసుల్లో కంపెనీలు గమ్ములు కలుపుతాయి. ఇంట్లో వాటికి బదులు సగ్గుబియ్యం ఉంది. మహారాష్ట్రలో ఉపవాసాల పుణ్యమా అని ఏ కిరాణా దుకాణంలోనైనా సాబుదానా ఏడాది పొడుగునా దొరుకుతుంది. లీటరు నీళ్లకి రెండు పెద్ద చెంచాల సగ్గుబియ్యం నానబెట్టి, గింజ మొత్తం పారదర్శకంగా అయ్యేదాకా ఉడికించి, ఆ పలుచటి జావనే షర్బత్‌కి నీళ్లుగా వాడాలి. పిండి పదార్థం నీటిని పట్టి ఉంచుతుంది, పలుకులు పెద్దవి కాలేవు, పాకం సందుల్లోంచి అంత తేలిగ్గా జారదు. గింజలు ఐసులో అక్కడక్కడా తగలడం పిల్లలకి ఇష్టమే. కార్న్‌ఫ్లోర్ అయితే అర లీటరుకి ఒక చిన్న చెంచా చాలు, చన్నీళ్లలో కలిపి మరిగించాలి, పచ్చిగా వేస్తే పిండి వాసన వస్తుంది. నానబెట్టిన సబ్జా గింజలు కూడా పనికొస్తాయి, వాటికి వేడి కూడా అక్కర్లేదు. ఏది వాడినా జావ పూర్తిగా చల్లారాకే పొడి కలపాలి, వేడిలో వేస్తే పొడిలోని వాసనలు ఎగిరిపోతాయి, విటమిన్ సి ఉన్న పొడి అయితే అదీ కొంత పోతుంది.

ఇంకో ఉపాయం ఏ సరుకూ అడగదు. షర్బత్‌ని ముందు ఒక వెడల్పు గిన్నెలో పోసి ఫ్రీజర్‌లో పెట్టి, అంచులు గడ్డకట్టడం మొదలవగానే తీసి గంటెతో బాగా చిలికి, మళ్లీ పెట్టి, మళ్లీ చిలికి, మెత్తటి మంచు ముద్దలా అయ్యాక గిలాసుల్లోకి కూరి పుల్ల గుచ్చాలి. పలుకులు చిన్నవిగా విరిగిపోతాయి, రంగు అంతటా సమానంగా ఉంటుంది. ఓపిక ఉన్నవాళ్లకి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు, సగ్గుబియ్యం జావతో కలిపి ఇది చేస్తే తెల్లటి గడ్డ మిగలడం చాలా వరకు తగ్గిపోతుంది.

పాలతో చేద్దామనుకునేవాళ్లు ఆరెంజ్, నిమ్మ పొడుల జోలికి పోకూడదు, వాటిలోని ఆమ్లానికి పాలు విరిగిపోతాయి. బాదం పొడి, హార్లిక్స్, కోకో లాంటి పులుపు లేని పొడులు వాడాలి. పాలలోని కొవ్వు, మాంసకృత్తులు చిక్కదనాన్ని వాటంతట అవే ఇస్తాయి, అందుకే పాల ఐసు ఇంట్లో ఎవరు చేసినా బాగానే కుదురుతుంది.

కరెంటు సంగతి చెప్పకుండా ఇక్కడ ఐసు గురించి మాట్లాడలేం. చాందా పక్కనే ఇంత పెద్ద థర్మల్ కేంద్రం ఉన్నా ఎండాకాలంలో ఊళ్లలో కరెంటు పోవడం ఆగదు, గాలిదుమారం వచ్చిన రోజు సంగతైతే చెప్పక్కర్లేదు. సగం కరిగి మళ్లీ గడ్డకట్టిన ఐసులో పలుకులు ఇంకా పెద్దవవుతాయి, పాకమంతా అడుక్కి చేరుతుంది. దీనికి చాలామంది ఫ్రీజర్‌లో నీళ్ల సీసాలు పెడతారు. మంచి ఆలోచనే, కానీ ఉత్త నీటి సీసా సున్నా దగ్గర కరుగుతుంది, చక్కెర ఐసు అంతకంటే ముందే, మైనస్ 1 దగ్గరికి వచ్చేసరికి మొత్తం కరిగిపోతుంది. లీటరు నీళ్లలో 50 గ్రాముల ఉప్పు కలిపి సీసాకి ముప్పావు వంతు పోసి గడ్డకట్టిస్తే అది మైనస్ 3 దగ్గర కరుగుతూ ఉంటుంది, అది కరుగుతున్నంతసేపు పక్కనున్న ఐసు నిలబడుతుంది. సీసా మీద ఉప్పునీరు అని రాసిపెట్టండి, దాహంతో పిల్లలు తాగేస్తారు.

ఫ్రిజ్ లేని ఇంట్లో కూడా ఐసు చేయొచ్చు. దంచిన మంచుగడ్డ మూడు వంతులు, దొడ్డుప్పు ఒక వంతు కలిపితే ఆ మిశ్రమం ఇంటి ఫ్రీజర్‌తో పోటీపడేంత చల్లబడుతుంది, సిద్ధాంతంగా అయితే మైనస్ 21 దాకా పోగలదు. కుండల్లో కుల్ఫీ పెట్టి అమ్మేవాళ్లు వాడే కిటుకు ఇదే, ఐసు ఫ్యాక్టరీల్లో మూసలు ముంచే తొట్టిలో ఉండేదీ ఉప్పునీరే. బకెట్‌లో ఈ మిశ్రమం వేసి, మూత ఉన్న చిన్న స్టీలు డబ్బాలు అందులో మెడదాకా పాతి, బకెట్ మీద గోనెసంచి కప్పితే గంట లోపలే గడ్డకడుతుంది. నెమ్మదిగా పనిచేసే ఫ్రీజర్ కన్నా ఇందులో పలుకులు చిన్నగా వస్తాయి కూడా. డబ్బాలోకి ఉప్పు నీరు పోకుండా చూసుకోవాలి, అంతే.

కొనే మంచుగడ్డ రంగు మాత్రం చూడాలి. చేపలు, పాలక్యాన్లు చల్లబరచడానికి వాడే మంచు తినడానికి కాదు, దాన్ని గుర్తుపట్టేలా నీలం రంగు కలపాలని 2018లో నియమం పెట్టారు, మహారాష్ట్రలో అదే ఏడాది అమలు మొదలైంది. నీలం మంచు బకెట్‌లో డబ్బాల చుట్టూ వేయడానికి పనికొస్తుంది, గిలాసులోకి ఒక్క ముక్క కూడా వేయకూడదు. రంగు లేని మంచు కూడా ఏ నీళ్లతో చేశారో మనకి తెలియదు కాబట్టి దాన్నీ బయటే ఉంచితే మంచిది. ఇంట్లో చేసే ఐసుకి కూడా నీళ్లు మరిగించి చల్లార్చాలి. గడ్డకడితే క్రిములు చచ్చిపోతాయి అనే నమ్మకం బాగా ఉంది, అది తప్పు. చాలా క్రిములు చల్లదనంలో ఊరికే ఆగి ఉంటాయి, కరగగానే మళ్లీ లేస్తాయి. కామెర్లు తెచ్చే కొన్ని క్రిములు, టైఫాయిడ్ క్రిములు కలుషితమైన నీళ్లతో వ్యాపిస్తాయి. ఐసు ఇంట్లో చేసుకోవడంలో అసలు లాభం డబ్బు కన్నా ఇదే, నీళ్లు ఎక్కడివో మనకి తెలుసు.

చక్కెర సంగతి కూడా దాచకూడదు. 60 మిల్లీలీటర్ల ఐసులో 9, 10 గ్రాముల చక్కెర ఉంటుంది. రోజుకి 25 గ్రాములు దాటకుండా ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పే సలహా, పిల్లలకి అంతకన్నా తక్కువే. విదర్భలో (మహారాష్ట్ర తూర్పు భాగంలో) బడులు మిగతా మహారాష్ట్ర కన్నా ఆలస్యంగా, జూన్ చివర్లో తెరుస్తారు, సెలవులు పొడుగు, ఫ్రీజర్ తలుపు పిల్లల చేతికి అందుతూనే ఉంటుంది. చిన్న గిలాసులు వాడమనడానికి ఇది రెండో కారణం.

వడదెబ్బ తగిలినప్పుడో, విరేచనాలు అవుతున్నప్పుడో ఈ ఐసు మందు కాదు. పొడి షర్బత్‌లో చక్కెర చాలా ఎక్కువ, ఉప్పు దాదాపు లేదు, విరేచనాలున్నప్పుడు అంత చక్కెర పేగుల్లోకి ఇంకా నీటిని లాగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓఆర్ఎస్‌లో లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములే, దాంతో పాటు ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9 గ్రాములు ఉంటాయి. ఆ ఫార్ములా లేని తీపి డ్రింకులు ఓఆర్ఎస్ పేరుతో అమ్ముడవడం మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు, 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకుండా ఆదేశాలిచ్చింది. వాంతుల వల్ల పిల్ల ఓఆర్ఎస్ తాగనని మొరాయిస్తే దాన్నే గడ్డకట్టించి పెట్టొచ్చు, డాక్టర్లు కూడా చెప్పే పద్ధతే ఇది. ఇక్కడ మాత్రం ప్యాకెట్ కొలత ఒక్క చుక్క కూడా మార్చకూడదు, చక్కెర, పొడి, నిమ్మరసం ఏవీ కలపకూడదు. చక్కెర తక్కువ కాబట్టి అది బాగా గట్టిపడుతుంది, అందుకని ఐసు ట్రేలో చిన్న ముక్కలుగా చేసి, బట్టలో చుట్టి దంచి, చెంచాతో కొంచెం కొంచెంగా పెట్టాలి. పిల్ల మత్తుగా ఉన్నా, ఆరేడు గంటలుగా మూత్రం పోయకపోయినా ఐసు ముక్కలతో కాలం గడపకుండా దవాఖానాకి తీసుకెళ్లాలి.